ఇంట్లో పెట్టిన సలోన్ కచేరీకి వెళ్లొచ్చాం: పియానో హోరులో ఊదేవాళ్లు సగం వినపడలేదు. ఇలాగే ఉంటుందా?

మైన్_తీరం
మేముండేది ఫ్రాంక్‌ఫర్ట్ పక్కన. మా వీధిలో ఒక పెద్దవయసు దంపతులు చలికాలంలో తమ హాల్లో చిన్న చిన్న కచేరీలు పెడుతుంటారు. టికెట్ ఉండదు, గుమ్మం దగ్గర బుట్టలో తోచినంత వేయడమే. ఈసారి మమ్మల్నీ పిలిచారు. నలభై మంది లోపే ఉంటాం. ముందు షూమన్ ఫాంటసీ పీసెస్, ఓపస్ (రచన సంఖ్య) 73, క్లారినెట్, పియానోలతో. తర్వాత పూలాంక్ ట్రియో, ఓబో, బసూన్, పియానో. విరామం అయ్యాక మోట్సార్ట్ క్వింటెట్ కె.452 (ఇదీ రచన సంఖ్యే), అంటే ఐదుగురిది: పియానోతో పాటు ఊదే వాయిద్యాలు ఓబో, క్లారినెట్, హార్న్, బసూన్.

వాయించినవాళ్లు బాగా నేర్చినవాళ్లే, అందులో అనుమానం లేదు. కానీ నాకు కొన్ని నచ్చలేదు. పియానో మూత మొత్తం ఎత్తి పెట్టారు, బసూన్ కింది స్వరాలకు దిగితే ఒక్క ముక్క వినపడలేదు. కుర్చీలు గుండ్రంగా వేశారు, నాకు హార్న్ వెనక చోటు దొరికింది, ఇక చెప్పక్కర్లేదు. విరామం తర్వాత మొదటి రెండు నిమిషాలు శ్రుతి కలవలేదు. మధ్య మధ్యలో ఊపిరి పీల్చే చప్పుడు, మీటల టకటకలు. చిన్న గదిలో వింటే గొప్ప అనుభవం అంటారు కదా, మరి ఇదేనా? లేక మాకే కుదరలేదా?

తెనాలి_టీ
హార్న్ వెనక చోటా! పెళ్లి పందిట్లో స్పీకరు పక్కన కూర్చోబెట్టినట్టే. భోజనం అయినా బాగుందా అన్నా?

మైన్_తీరం
విరామంలో ఇంట్లో చేసిన ఆపిల్ కేకు, వేడి వైన్. దాని మీద ఫిర్యాదు ఏమీ లేదు తమ్ముడూ.

క్లారినెట్_కృష్ణ
న్యూజెర్సీలో ఒక కమ్యూనిటీ ఆర్కెస్ట్రాలో రెండో క్లారినెట్ వాయిస్తాను. మీరు చెప్పినవాటిలో రెండింటికి కారణం చెప్పగలను.

హార్న్ గంట, అంటే శబ్దం బయటికొచ్చే వెడల్పాటి నోరు, వెనక్కి తిరిగి ఉంటుంది, వాయించేవారి కుడి చెయ్యి అందులో ఉంటుంది. ఆ శబ్దం వెనక గోడకు తగిలి, మెత్తబడి, అప్పుడు మన దగ్గరికి రావాలి. రాసినవాళ్లు ఆ లెక్కలోనే రాశారు. గుండ్రంగా కుర్చీలు వేస్తే వెనక కూర్చున్నవాళ్లకు గోడ పాత్ర ఉండదు, నేరుగా చెవిలో పడుతుంది. హార్న్ వెనక మనుషుల్ని కూర్చోబెట్టకూడదు. వాయించేవాళ్లే ఆ మాట ముందు చెప్పాల్సింది.

శ్రుతి సంగతి. విరామంలో కిటికీలు తెరిచారా?

మైన్_తీరం
తెరిచారు! అంతమంది ఉన్నాం కదా, ఉక్కపోసింది. బయట సున్నా దగ్గర ఉంది.

క్లారినెట్_కృష్ణ
అదే కారణం. గాలి వాయిద్యం వేడెక్కితే శ్రుతి పెరుగుతుంది, చల్లబడితే దిగుతుంది. గాలిలో శబ్దం వేగం వేడితో పాటు పెరుగుతుంది కాబట్టి. లెక్క ప్రకారం ఒక డిగ్రీకి సుమారు 3 సెంట్లు. పక్కపక్క స్వరస్థానాల మధ్య దూరం 100 సెంట్లు అనుకుంటే, గది పది డిగ్రీలు చల్లబడితే ఎంత తేడానో చూడండి. పియానో తీగలు దీనికి తలకిందులు, వేడికి సాగి కొంచెం దిగుతాయి. పైగా పియానోను అక్కడికక్కడ సరిచేయలేం, ఊదేవాళ్లే దానికి తగ్గట్టు సర్దుకోవాలి. వాయిద్యాలను స్టాండు మీద వదిలేసి కేకు తినడానికి వెళ్తే, తిరిగొచ్చాక రెండు నిమిషాలు ఊపిరితో వేడి చేసుకోవాలి. మీరు విన్న ఆ రెండు నిమిషాలు అవే.

విశాఖ_వాణి
పియానో టీచర్ని. మూత విషయంలో శీతకన్ను వేయలేను, అది మా డిపార్ట్‌మెంటు. గ్రాండ్ పియానో మూతకు రెండు కర్రలు ఉంటాయి, పొడవుది, పొట్టిది. డ్రాయింగ్ రూముల్లో ఊదేవాళ్లతో వాయిస్తుంటే పొట్టి కర్ర చాలు. కింద తివాచీ వేస్తే ఇంకా మంచిది. ఎడమచేతి బరువు తగ్గించడం మాత్రం వాయించేవారి చేతిలోనే ఉంది. చాలామంది పిల్లలు సోలో పీసులు వాయించిన అలవాటుతో ఎడమచేతిని అదుపు చేయరు, బసూన్ ఉండేది సరిగ్గా ఆ మెట్లలోనే.

కానీ శీను గారూ, అంటే మైన్_తీరం గారూ, ఒక్క సంగతి. మోట్సార్ట్ ఆ క్వింటెట్ రాసింది ఈ పియానో కోసం కాదు. ఆయన దగ్గర ఉన్నది ఆంటన్ వాల్టర్ చేసిన ఫోర్టెపియానో, అంటే ఆ కాలపు పియానో. ఐదు ఆక్టేవులే (స్థాయిలే), చట్రం మొత్తం చెక్క, సుత్తుల మీద తోలు. ఇప్పటి కచేరీ పియానోలో ఇనుప చట్రం మీద తీగల లాగుడు అంతా కలిపితే సుమారు 20 టన్నులు ఉంటుంది. వాల్టర్ పియానో స్వరం మొదలైన వెంటనే సన్నబడిపోతుంది, దాని సందుల్లోంచి ఓబో, బసూన్ తేలిగ్గా బయటికి వస్తాయి. ఆయన వాయించిన వాల్టర్ ఇప్పటికీ సాల్జ్‌బర్గ్‌లో ఉంది.

రసికుడు_66
అమ్మా వాణీ, అంత తేలికైన పియానో అయితే మోసుకెళ్లేవారా?

విశాఖ_వాణి
మోసుకెళ్లేవారు బాబాయ్ గారూ. 1785లో తండ్రి లియోపోల్డ్ వియన్నా వచ్చినప్పుడు కూతురికి రాసిన ఉత్తరంలో ఉంది. తను వచ్చాక ఆ పియానోను ఇంటి నుంచి థియేటరుకో, ఇంకెవరి ఇంటికో కనీసం పన్నెండు సార్లు తీసుకెళ్లారని రాశాడు.

లియాన్_లత
వాణి గారు చెప్పినదంతా ఒప్పుకుంటాను. అయితే తప్పు పియానోదే అనడానికి పూలాంక్ అడ్డొస్తాడు. ఆ ట్రియో 1926 నాటిది, ఆయన రాసింది ఇప్పటిలాంటి పియానోకే. తనే మంచి పియానిస్టు. కాబట్టి అందులో కూడా బసూన్ వినపడలేదంటే అది మూత, గది, వాయించినవారి చెయ్యి. వాల్టర్ పియానో తెచ్చినా తీరదు.

ఆ ట్రియో మొదటి భాగాన్ని హైడన్ అల్లెగ్రో పద్ధతిలో, చివరి భాగాన్ని సాన్-సాన్స్ రెండో పియానో కన్సర్టోలోని (ఆర్కెస్ట్రాతో వాయించే రచన) స్కెర్జో, అంటే చురుకైన సరదా భాగం, పద్ధతిలో కట్టానని పూలాంకే చెప్పాడు. పైకి ఆకతాయిగా వినపడుతుంది, లోపల నిర్మాణం చాలా గట్టిది. మధ్య భాగం వినపడిందా మీకు?

మైన్_తీరం
వినపడింది లత గారూ. నిజం చెప్పాలంటే ఆ సాయంత్రం మొత్తంలో మా ఆవిడకు నచ్చింది అదే. ఓబో మొదలుపెట్టగానే గది అంతా కదలకుండా కూర్చుంది.

సన్నాయి_మనవరాలు
ఊపిరి చప్పుడు మీద ఫిర్యాదు చదివి ఆగలేక రాస్తున్నాను. మా తాతగారు ప్రకాశం జిల్లాలో నాదస్వరం వాయించేవారు. షేక్ చినమౌలానా గారి కారవడి మాకు దగ్గరే. ఇంట్లో సాధన చేసేటప్పుడు నేను ఆయన మోకాలి పక్కన కూర్చునేదాన్ని. పాట ఎక్కడ తెగుతుందో, ఎక్కడ తెగకుండా లాగుతారో నాకు తెలిసింది ఆ ఊపిరి విని. గుళ్లో ఊరేగింపులో అది ఎవరికీ వినపడదు. ఊదే వాయిద్యంలో పదవిభాగం అంతా ఊపిరే కదా. అది చప్పుడనీ, సంగీతం వేరే అనీ విడదీస్తే మిగిలేది ఏముంటుంది? నలభై మంది ఉన్న గదికి వెళ్లేదే దాని కోసం. అది వద్దనుకుంటే రికార్డింగు వింటే సరిపోతుంది, అందులో ఇంజనీర్లు తీసేస్తారు.

మైన్_తీరం
ఊపిరి సరే. మీటల టకటక కూడా సంగీతమేనా మరి?

సన్నాయి_మనవరాలు
టకటక వదిలేద్దాం అన్నయ్యా, దాని తరఫున వాదించను.

క్లారినెట్_కృష్ణ
నేను వాదిస్తాను. ఓబో, క్లారినెట్ మీటల కింద ఉండే మెత్తలు రంధ్రాన్ని పూర్తిగా మూయాలి, అందుకే ఆ దెబ్బ. మెత్తలు పాతబడితే చప్పుడు ఎక్కువ. బాగా చూసుకున్న వాయిద్యంలో కూడా మొదటి వరసకు వినపడుతుంది. మూడో వరసకు వెళ్తే పోతుంది.

కొత్తగా_చేరా
ఓబో ఆవిడ మొదలుపెట్టే ముందు రీడ్ నోట్లో పెట్టుకుని చాలాసేపు కూర్చోవడం నేనూ ఒకచోట చూశాను. ఎందుకండీ?

సన్నాయి_మనవరాలు
రెండు పలచని రెల్లు పొరలు కలిపి కట్టింది అది. ఎండిపోయి ఉంటే కంపించదు, తడిస్తేనే పలుకుతుంది. నాదస్వరానికీ అంతే. తాతగారి వాయిద్యానికి ఒకదానికి పది రీడ్లు వేలాడుతుండేవి, ఏది ఆ రోజు మాట వింటుందో చూసుకునేవారు.

లియాన్_లత
ఇది అందంగా ఉంది, ఎందుకంటే రెండూ బంధువులే. యూరప్‌లో కూడా ముందు ఉన్నది షామ్ అనే ఆరుబయట వాయిద్యం. గట్టిగా మోగుతుంది, ఊరేగింపులకు, కోటల మీద వాయించేవారు. 17వ శతాబ్దంలో ఫ్రాన్స్‌లో, పద్నాలుగో లూయీ ఆస్థానం చుట్టూ, దాన్ని మార్చి గొంతు తగ్గించి ఇంట్లోకి తెచ్చారు. అదే ఓబో. గదిలో వినడం కోసమే అది పుట్టింది అనొచ్చు.

రసికుడు_66
నాదస్వరాన్ని హాల్లో వింటే చెవులు గింగురుమంటాయి. అది ఆలయం బయట, మాడవీధుల్లో వినాల్సినది. మనవాళ్లు దాన్ని ఇంట్లోకి తేలేదు, తేవాలనీ అనుకోలేదు. నాకు అదే సరైనదనిపిస్తుంది. ప్రతి వాయిద్యాన్నీ డ్రాయింగ్ రూములో కూర్చోబెట్టడం ఎందుకు?

ఇంకో మాట. ఈ సలోన్లు అన్నీ దొరల ఇళ్ల వ్యవహారం. సాయంత్రం పూట ధనవంతుల ఇంట్లో, పిలుపు ఉన్నవాళ్లకే. త్యాగరాజ గానసభలో నేను చిన్నప్పుడు వెనక వరసలో కూర్చుని విన్న కచేరీలకు ఎవరూ పిలవలేదు, వెళ్లి కూర్చున్నాను. సంగీతానికి అది ముఖ్యం.

లియాన్_లత
బాబాయ్ గారూ, సగం నిజం. పారిస్ సలోన్లలో పెద్ద పేరు విన్నరెట్టా సింగర్ది, పెళ్లయ్యాక ప్రిన్సెస్ ద పోలిన్యాక్. ఆ డబ్బంతా మన అమ్మమ్మలు తొక్కిన సింగర్ కుట్టు మిషన్ డబ్బే, ఆవిడ తండ్రి ఐజాక్ సింగర్. ఆ డబ్బుతో ఆవిడ కొత్త రచనలు రాయించింది. స్ట్రవిన్‌స్కీ, సాటీ, ఫాయా, పూలాంక్ అందరికీ. ఫాయా తోలుబొమ్మల ఒపెరాను 1923లో ఆవిడ ఇంట్లోనే రంగం మీద చూశారు. పూలాంక్ ఆర్గన్ కన్సర్టో 1938 డిసెంబర్లో ముందుగా ఆవిడ సలోన్లోనే మోగింది. మైన్_తీరం గారు విన్న ట్రియో పూలాంక్ అంకితం ఇచ్చింది ఈ ఫాయాకే. పిలుపు ఉన్నవాళ్లకే అన్నది నిజమే, కానీ ఆ గదులు లేకపోతే మనం ఇప్పుడు టికెట్ కొనుక్కుని వినే సంగీతంలో కొంత పుట్టేదే కాదు.

రసికుడు_66
కుట్టు మిషన్ సంగతి నాకు తెలియదమ్మా. మా ఇంట్లో ఇంకా ఉంది, ఇక మీద గౌరవంగా చూస్తాను. అయినా నా మాట నాదే. సంగీతం పుట్టడానికి గది అవసరమైతే కావచ్చు, బతకడానికి తలుపులు తెరిచి ఉండాలి.

క్లారినెట్_కృష్ణ
బాబాయ్ గారి వైపు ఒక సాక్ష్యం. 1879లో పారిస్‌లో ఫ్లూట్ వాద్యకారుడు పాల్ తఫనెల్ గాలి వాయిద్యాల చాంబర్ సంగీతం (కొద్దిమంది కలిసి వాయించేది) కోసమే ఒక సంఘం పెట్టాడు, పబ్లిక్ కచేరీలు చేసేవారు. అప్పటికి సలోన్లలో రాజ్యం పియానోది, తీగ వాయిద్యాలదీ. ఊదేవాళ్లకు మోట్సార్ట్, బీథోవెన్ తర్వాత పెద్ద పేరున్నవాళ్లు తక్కువగానే రాశారు. గూనో తన పెతీత్ సింఫనీ ఆ సంఘం కోసమే రాశాడు. కాబట్టి మా వాళ్లకు తలుపు తెరిచింది సభే.

విశాఖ_వాణి
ఈ గొడవకు కె.452 ఒక్కటే చాలు. అది సలోన్ కోసం రాసింది కాదు. 1784 మార్చి 30న పూర్తి చేశాడు, ఏప్రిల్ 1న వియన్నా బుర్గ్‌థియేటర్లో, పెద్ద హాల్లో, జనం ముందు వాయించాడు. ఏప్రిల్ 10న తండ్రికి రాశాడు, నా జీవితంలో ఇంతవరకు రాసినవాటిలో ఇదే ఉత్తమమైనది అని. అదే జూన్లో ఊరి బయట డోబ్లింగ్‌లో ప్లోయర్ గారి ఇంటి కచేరీలో మళ్లీ పెట్టుకున్నాడు. అక్కడ శిష్యురాలు బార్బరా ప్లోయర్ కొత్త జి మేజర్ కన్సర్టో, ఈయన ఈ క్వింటెట్. శిష్యురాలిని వినిపించడానికి ఇటలీ స్వరకర్త పైసియెల్లోను బండిలో వెంట తీసుకెళ్తానని రాశాడు. రెండున్నర నెలల్లో ఒకే రచన హాల్లోనూ, ఇంట్లోనూ. ఆయనకు రెండూ కావాలి, మనకెందుకు ఒకటే కావాలి?

తెనాలి_టీ
వాణి గారి పోస్టుకు చప్పట్లు కొట్టాలని ఉంది, కానీ భాగం అయిపోయిందో లేదో తెలియట్లేదు.

కొత్తగా_చేరా
అదే నా తరవాతి ప్రశ్న! భాగాల మధ్య చప్పట్లు కొట్టకూడదని ఎవరు పెట్టారు? మన కచేరీల్లో బాగున్నచోట భేష్ అంటాం, తని అవగానే కొడతాం.

విశాఖ_వాణి
మోట్సార్ట్ కాలంలో ఆ నియమం లేదు. 1778లో పారిస్ సింఫనీ గురించి తండ్రికి రాసిన ఉత్తరం చూడండి. మొదటి భాగం మధ్యలోనే ఒక చోట జనం ఉప్పొంగిపోతారని తెలిసి రాశాను, అక్కడే చప్పట్లు మోగాయి, చివర మళ్లీ ఆ చోటు తెచ్చాను అని సంబరపడ్డాడు. నిశ్శబ్దంగా కూర్చోవడం 19వ శతాబ్దంలో మెల్లగా వచ్చిన పద్ధతి. కానీ ఒక్క చోట జాగ్రత్త. షూమన్ ఓపస్ 73 మూడు ముక్కలూ ఆగకుండా వాయించమని ఆయనే రాశాడు, అక్కడ చప్పట్లకు సందు లేదు.

మైన్_తీరం
అవును, ఒకదానిలోంచి ఇంకోదానిలోకి వెళ్లిపోయారు. క్లారినెట్ అతనికి ఊపిరి ఎక్కడ దొరికిందా అనుకున్నాను.

క్లారినెట్_కృష్ణ
దొరకదు, అదే కష్టం. ఆ గీతాల్లో షూమన్ ఊదేవాడి ఊపిరితిత్తుల్ని పెద్దగా పట్టించుకోలేదు. పొడుగు పొడుగు వాక్యాలు, మధ్యలో ఎక్కడ పీల్చాలో ముందే పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుంటాం. సన్నాయి_మనవరాలు గారన్న పదవిభాగం ఇక్కడ అక్షరాలా నిజం. పియానో అతను ఆ చోట రవ్వంత ఆగి దారి ఇస్తే మంచి జోడీ, ఇవ్వకపోతే క్లారినెట్ చచ్చినట్టు పరిగెత్తాలి. ఇది కళ్లతో చూడాలంటే చిన్న గదే దిక్కు. ఒకరి భుజం లేస్తుంది, ఇంకొకరి చెయ్యి ఆగుతుంది.

రసికుడు_66
ఇది మాత్రం నాకు బాగా అర్థమైంది. మృదంగం, గాత్రం మధ్య జరిగేదే.

మనోధర్మం ఉందా వీళ్లకు? అంతా కాగితమేనా?

లియాన్_లత
బీథోవెన్‌కి కావలసినంత. మోట్సార్ట్ క్వింటెట్‌ను చూసి అవే వాయిద్యాలతో, అదే ఇ-ఫ్లాట్ శ్రుతిలో ఓపస్ 16 క్వింటెట్ రాశాడు కదా. ఆయన శిష్యుడు ఫెర్డినాండ్ రీస్ రాసిన జ్ఞాపకం ఉంది. ఓబో వాయించింది మ్యూనిక్ నుంచి వచ్చిన రామ్. చివరి రోండోలో, అంటే పల్లవి తిరిగి తిరిగి వచ్చే భాగంలో, పల్లవి మళ్లీ రాకముందు ఒక విరామ గుర్తు ఉంటుంది. అక్కడ బీథోవెన్ ఆ పల్లవినే తీసుకుని సొంతంగా వాయిస్తూ పోయాడు. విన్నవాళ్లకు ఆనందం. ఊదేవాళ్లేమో ఇప్పుడు మన వంతు అని వాయిద్యం నోటి దగ్గర పెట్టుకోవడం, కాదని మళ్లీ దించడం. రామ్‌కి చాలా కోపం వచ్చిందట. చివరికి ఆయన పల్లవికి వచ్చేసరికి గదంతా మురిసిపోయింది.

రసికుడు_66
ఆహా! తని మొదలుపెట్టి ముక్తాయింపుకు రానివాడన్నమాట. ఈ ఒక్క కథకు సలోన్ని క్షమించాను.

తెనాలి_టీ
రికార్డు చేయండి, బాబాయ్ గారు ఒప్పుకున్నారు.

రసికుడు_66
తలుపుల సంగతి ఒప్పుకోలేదోయ్.

మైన్_తీరం
ఇదంతా చదివి నిన్న సాయంత్రం ఆ ఇంటికి వెళ్లి మాట్లాడాను. పెద్దాయన చాలా శ్రద్ధగా విన్నారు. పొట్టి కర్ర వాడతామన్నారు. హార్న్ వెనక గోడ వచ్చేలా వాయించేవాళ్లను కిటికీ వైపు నుంచి పుస్తకాల అల్మరా వైపుకు మారుస్తామన్నారు. విరామంలో వాయిద్యాలు పక్క గదిలో పెడతారట. రసికుడు గారి మాట కూడా చెప్పాను, పిలుపు లేనివాళ్ల కోసం ఊరి లైబ్రరీ బోర్డు మీద కాగితం అంటించి కొన్ని కుర్చీలు వదలమని. దానికీ సరేనన్నారు. వచ్చేసారి పూలాంక్ సెక్స్‌టెట్ పెట్టాలనుకుంటున్నారు, మీరేమంటారు అని అడిగారు.

క్లారినెట్_కృష్ణ
ఆ గదికి వద్దు. ఫ్లూట్, ఓబో, క్లారినెట్, బసూన్, హార్న్, పియానో, ఆరుగురూ మొదటి నిమిషం నుంచే పూర్తి బలంతో దూకుతారు. నాకు ప్రాణం ఆ రచన, అయినా పొట్టి కర్ర దాన్ని కాపాడలేదు. దానికి ఎత్తైన కప్పు ఉన్న హాలు కావాలి.

లియాన్_లత
కృష్ణ గారితో ఏకీభవిస్తాను. బదులుగా సాన్-సాన్స్ కాప్రీస్, ఓపస్ 79 అడగండి. ఫ్లూట్, ఓబో, క్లారినెట్, పియానో. హార్న్ లేదు. 1887లో రష్యా ప్రయాణం కోసం డెన్మార్క్, రష్యా బాణీల మీద రాశాడు, ఎందుకంటే అప్పటి రష్యా మహారాణి డెన్మార్క్ ఆడపడుచు. ఫ్లూట్ వాయించడానికి వెంట వెళ్లింది పైన చెప్పిన తఫనెలే.

విశాఖ_వాణి
దానికి తోడు బ్రామ్స్ క్లారినెట్ సొనాటాల్లో ఒకటి, ఓపస్ 120. ఇక రాయడం ఆపేద్దామనుకున్న మనిషి చేత, మైనింగెన్ ఆస్థానంలోని మ్యూల్‌ఫెల్డ్ క్లారినెట్ మళ్లీ కలం పట్టించింది. 1894 నవంబర్లో బ్రామ్స్, మ్యూల్‌ఫెల్డ్ కలిసి ఆ రెండు సొనాటాలూ షూమన్ భార్య, పియానిస్టు క్లారా షూమన్‌కు వినిపించారు. ఎక్కడో తెలుసా మైన్_తీరం గారూ? ఫ్రాంక్‌ఫర్ట్‌లోనే, మ్యూలియస్ వీధిలో ఆవిడ ఇంట్లో. మీ ఊళ్లో ఇంటి కచేరీకి అంతకన్నా తగినది ఉండదు.

మైన్_తీరం
మ్యూలియస్ వీధి మీదుగానే ఆఫీసుకు వెళ్తాను నేను! రెండింటిలో ఏది అడగమంటారు?

విశాఖ_వాణి
రెండోది, ఇ-ఫ్లాట్. మొదటిదాని కంటే మెత్తగా మొదలవుతుంది, ఆ గదికి సరిపోతుంది. పియానో భాగం మాత్రం బరువైనదే, పొట్టి కర్ర మాట మరిచిపోనివ్వకండి.

సన్నాయి_మనవరాలు
మొదటి వరసలో, క్లారినెట్ పక్కన కూర్చోండి అన్నయ్యా. వదిన గారికి కూడా అక్కడే చోటు పట్టండి.